పద్దెనిమిది విమానాలు

జకరయ్య మాస్టారు సంచిలోంచి చెక్క విమానం తీసి భూషణం ముందు బల్ల మీద పెట్టారు.

“దీనికి రంగు మార్చాలండీ. శనివారానికి కావాలి.”

భూషణం పెడనలో దుప్పట్ల మీద కలంకారీ పని చేస్తాడు. నెమళ్లు, లతలు అడిగినవాళ్లున్నారు గాని విమానం అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు. అది మూరెడు పొడవుంది. వెండిలా మెరుస్తోంది.

“బాగానే ఉంది కదండీ. దీనికేం తక్కువ?”

“మెరవకూడదు. పైన ఆకుపచ్చ, మట్టిరంగు మచ్చలు మచ్చలుగా రావాలి. పొట్ట కింద లేత నీలం. యుద్ధం రాగానే అసలు విమానాలను ఇలాగే మార్చారట. మావాడు ఉత్తరంలో బొమ్మ వేసి పంపాడు.”

మాస్టారి కొడుకు సుందరరాజు ఎయిర్‌ఫోర్సులో ఉన్నాడు. వాళ్ల ఊరు బందరులో అతని పేరు తెలియనివాళ్లు తక్కువ. మొన్న సెప్టెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగినన్నాళ్లూ చర్చిలో పాస్టరుగారు, విమానం నడిపే మా బిడ్డను కాపాడు ప్రభువా అని ప్రార్థన చేశారు. ముందు వరసలో కూర్చున్న జకరయ్య మాస్టారు ఆమెన్ అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు.

భూషణం బొమ్మ చూసి కుంచె పట్టాడు. అలవాటైన చెయ్యి. గంట తిరిగేసరికి రెండు రెక్కల మీదా అచ్చు గుద్దినట్టు ఒకే మచ్చలు వచ్చాయి. వాటి చుట్టూ సన్నటి నల్లంచు తీర్చాడు. తోక మీద చిన్న తీగ కూడా పాకించాడు.

“ఆ తీగ తీసెయ్యండి. అంచు కూడా. రెండు రెక్కలూ ఒకలా ఉండకూడదట.”

“అంచు లేకపోతే బొమ్మ కనపడదండీ.”

“కనపడకూడదు.”

“కనపడకుండా ఉండటానికి రంగెందుకండీ?”

మాస్టారు ఉత్తరం మళ్లీ చదివారు. అందులో దీనికి జవాబు లేదు.

భూషణం అంతా తుడిచి మళ్లీ మొదలుపెట్టాడు. కొడుకు శనివారం బండికి సెలవు మీద దిగుతున్నాడని, ఏడాదిగా తను అతని ఉత్తరాలకు జవాబు రాయలేదని మాస్టారు చెప్పుకొచ్చారు.

“అదేంటండీ?”

“వాడు చేసే పని నాకు నచ్చలేదు. అప్పుడు చేతికొచ్చింది రాసేశాను. తర్వాత రాయడమే మానేశాను. ఇప్పుడు స్టేషనుకు ఏ మొహం పెట్టుకుని వెళ్లను? ఇది వాడి చేతిలో పెడితే అర్థం చేసుకుంటాడేమోనని.”

“ప్రాణాలతో పని కదండీ. ఏ తండ్రికి నచ్చుతుంది?”

మాస్టారు విమానం కేసి కాకుండా భూషణం వేళ్ల కేసి చూస్తూ కూర్చున్నారు. గోళ్ల సందుల్లో పచ్చరంగు ఇంకిపోయి ఉంది.

“రోజంతా ఇలా వంగితే నడుం పట్టెయ్యదూ?”

“పట్టేస్తుందండీ. కాసేపు లేచి నిలబడి మళ్లీ కూర్చుంటాం.”

“ఈ వాసనకు తల తిరగదా?”

“మొదట్లో తిరుగుతుందండీ. అది సరే, యుద్ధంలో అబ్బాయిగారు ఎన్ని విమానాలండీ?”

“పద్దెనిమిది. తొమ్మిది రోజుల్లో.”

భూషణం కుంచె కింద పెట్టి, చెక్క విమానానికి దణ్ణం పెట్టి, మళ్లీ కుంచె తీసుకున్నాడు.

సాయంత్రానికి పని పూర్తయింది. పెరట్లో గడ్డి మీద పెట్టి చూశారు. నాలుగడుగులు వెనక్కి వేసేసరికి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

“మంచి పనండీ ఇది,” అన్నారు మాస్టారు. ఆ మాట రెండుసార్లు అన్నారు.

భూషణానికి మనసు నిండిపోయింది. సన్న కుంచె తెచ్చి విమానం ముక్కు వెనకాల ఆనించాడు.

“అబ్బాయిగారి పేరు రాస్తానండీ. ఇదిగో, నడిపేవాళ్లు కూర్చునే చోట.”

“అక్కడ కూర్చునేవాళ్లు వేరే ఉన్నారు భూషణంగారూ, మావాడు మీలాగే విమానాలకు రంగులు వేస్తాడు.”