ఒడిలో బెల్లం

అడుగులూ బరువూ లెక్కగట్టే వేలి ఉంగరం ఒప్పుకుంటేనే వంటింటి అల్మరా తెరుచుకునే కాలం అది. నడిచొస్తే తప్ప వరహాలమ్మకు గారెలు అందేవి కావు. మోకాళ్లు బాగైతే తన బరువంత బెల్లం ఇస్తానని ఆమె నరసింహస్వామికి మొక్కుకుంది. ఏడాది నడకతో మోకాళ్లు బాగయ్యాయి, ఒళ్లూ తగ్గింది.

తులాభారం దగ్గర ఆగిపోయింది. "మొక్కిననాడు లావుగా ఉన్నాను. ఇప్పుడు తూగితే స్వామికి తక్కువ పెట్టినట్టు కాదేటండీ?"

"నువ్వు చిక్కితే స్వామినీ చిక్కిపొమ్మంటావేటే?" అన్నాడు భర్త.

ఆమె తను తగ్గినంత బరువు బెల్లం మూట కట్టించి, ఒడిలో పెట్టుకుని తూగింది. ఇంత బరువు మోసుకు తిరిగానా అని నవ్వుకుంది.

ఉంగరం పలికింది. "అమ్మా, మళ్లీ లావయ్యారు. రేపు గారెలు లేవు."

"స్వామి ముందు ఊరుకోవే," అంటూ వరహాలమ్మ ఆ మూటనూ స్వామికే అప్పగించి, చెంగున దిగింది.