పన్నెండు నిమిషాల పులుసు

ఏలూరు పోలీసు ఆఫీసులో హెడ్ కానిస్టేబుల్ ప్రసన్నకుమారి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంది. ఎదురుగా తెరమీద సముద్రం అవతలి దేశపు పోలీసులు. వాళ్లకు తెలుగు రాదు. ప్రతి మాటా ఆమె ఇంగ్లీషులో చెప్పాలి.

వినాల్సింది దుర్గేష్ ఫోను. ఆ దేశంలో దాక్కుని, పోలీసునంటూ ఇక్కడి పెద్దవాళ్లను ఫోనులో బెదిరించే ముఠాకు వాడే పెద్ద. తాడేపల్లిగూడెంలో వేంకటాచలం మేష్టారు మూడు రోజులు ఆ బెదిరింపులు భరించి, నాలుగో రోజు గుండె ఆగి పోయారు. ఆయన ఫోనులో రికార్డై మిగిలిన గొంతు దుర్గేష్‌దని పరామర్శకు వచ్చినవాళ్లెవరో గుర్తుపట్టారు. గుర్తుపట్టినవాళ్ల పేరు ఇన్‌స్పెక్టర్ ప్రసాదరావు ఎవరికీ చెప్పలేదు.

ఏడాది పొడుగునా ఉత్తరాలు నడిచాక రెండు దేశాలూ కలిసి వినడానికి అనుమతి వచ్చింది. వాడున్న గది కనిపెట్టాలంటే ఫోను కనీసం పది నిమిషాలు నడవాలి. వాడు మూడు నిమిషాలు దాటనివ్వడు. రేపు మకాం మార్చేస్తాడని కబురు. ఇవాళ తప్పితే ఇంకెందరు మేష్టార్లు పోతారో!

వాడు ఊళ్లో ఫోను చేసేది ఒక్కరికే. కొల్లేరు ఒడ్డున చేపలకు ఐసు వేసి ప్యాకింగు చేసే అక్క సాయిదుర్గకు. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే.

పదకొండింటికి ఫోను కలిసింది.

"అన్నం తిన్నావేంట్రా?"

"ఏం తిండిలే అక్కా. ఇక్కడ చేపంతా బురదవాసన."

"బూడిద రాసి బండకేసి రుద్దావా? జిగురు పోవద్దూ! రాసుకో, పులుసు చెప్తాను."

"ఇప్పుడు టైము లేదే."

"నీకెప్పుడుంది గనక? మళ్లీ నీ గొంతు ఎప్పుడు వింటానో. ముందు చింతపండు నానబెట్టుకో."

ప్రసన్నకుమారి చింతపండును కూడా ఇంగ్లీషులో చెప్పింది. అది రహస్య భాషేమోనని తెరమీది అధికారికి అనుమానం వచ్చింది. కాదండీ, ఉత్త చేపల పులుసేనంది.

ఆరు నిమిషాలు. మాటల్లోనే మెంతులు వేగాయి. తొమ్మిది. పులుసు మరిగింది.

"మొన్న వేంకటాచలం మేష్టారి సంవత్సరీకం చేశార్రా. నీకు అ ఆలు దిద్దించారాయన."



"పెద్దవాళ్లు పోకుండా ఉంటారేంటే? తర్వాతేం వెయ్యాలో చెప్పు."

"ఇంకేం వెయ్యక్కర్లేదు. గరిటె పెట్టకు, ముక్క చితికిపోద్ది. గిన్నె పట్టుకుని తిప్పు, చాలు."

తలుపు బద్దలైన చప్పుడు. తెలియని భాషలో కేకలు. "అక్కా!" అన్న అరుపు. ఫోను ఆగిపోయింది.

గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. ప్రసన్నకుమారికి మాత్రం చేతులు రాలేదు. పాపం, పులుసు నేర్పుతూ తమ్ముణ్ణి తానే పట్టించానని తెలిస్తే ఆ పిచ్చితల్లి ఏమైపోతుంది?

ఇన్‌స్పెక్టర్ బల్లమీది ఫోను మోగింది. ఆయన పై అధికారులతో మాట్లాడుతుంటే ఆమే తీసింది.

"ప్రసాదరావుగారికి చెప్పండమ్మా, నేను సాయిదుర్గనండి... పన్నెండు నిమిషాలు మాట్లాడించానండి, సరిపోయిందాండీ?"