ప్లాట్‌ఫారం చివర ఎర్రగుడ్డలు

సిగ్నల్ పచ్చగానే ఉంది. అయినా బండి స్టేషన్ బయటే ఆగిపోయింది.

స్టేషన్ మాస్టర్ తల పట్టుకున్నాడు.

ఎందుకు ఆగిందో ఆయనకు చూడకుండానే తెలుసు. ప్లాట్‌ఫారం చివర కంచె మీద ఆ ముసలాయన మళ్ళీ ఎర్రగుడ్డలు ఆరేసి ఉంటాడు.

వాకీటాకీ గరగరలాడింది. అవతల డ్రైవరు.

"ఎర్రగుడ్డ కనిపిస్తే బండి ఆపమని నాకు నేర్పారు సార్. ఎవరు ఆరేశారో కనుక్కోమని నేర్పలేదు."

మాస్టర్‌కు ఒళ్ళు మండిపోయింది. సంజాయిషీ రాసుకోవాల్సింది డ్రైవరు కాదు, తను.

"ఇంకొక్కసారి బండి ఆగిందంటే బదిలీ సంగతి మర్చిపో" అని పైఅధికారి నిన్ననే వాయించాడు. భార్యా కూతురూ ఒక ఊళ్ళో, తనొక ఊళ్ళో. ఇక్కడ ఒంటరిగా చేతులు కాల్చుకోవడం. సెలవు కదా, సముద్రం చూద్దామని ఇవాళ వాళ్ళిద్దరూ వస్తున్నారు. ఆగిపోయిన ఆ బండిలోనే ఉన్నారు.

పేరుకు సముద్రపు ఒడ్డు స్టేషన్. ఒకప్పుడు ఓడల్లో దిగిన సరుకు ఇక్కణ్ణుంచే వ్యాగన్లకు వ్యాగన్లు వెళ్ళేదట. ఓడలు పోయాయి, ఉప్పుగాలి మిగిలింది. ఆ గాలికి గడియారం ఎప్పుడు నడుస్తుందో దానికే తెలీదు. వెయిటింగ్ రూం తలుపు ఉబ్బిపోయి, తన్నితే గానీ తెరుచుకోదు. బాగున్నది ఒక్కటే, పొగబండ్ల కాలంలో ఇంజన్ల కోసం తవ్విన మంచినీళ్ళ బావి. దాని కుళాయి ప్లాట్‌ఫారం చివర ఉంది. ముసలాయన వచ్చేదీ దానికోసమే.

మాస్టర్ విసవిసా అక్కడికి నడిచాడు.

"ఇది రైల్వే స్టేషనా, చాకిరేవా?"

గుడ్డ పిండుతున్న ముసలాయన ఉలిక్కిపడి లేచాడు. మోకాళ్ళ పైదాకా ప్యాంటు తడిసిపోయి ఉంది. ఒక కాలు కుంటి.

"ఉప్పు పడితే గుడ్డలు బరువెక్కిపోతాయి బాబూ. గాలికి ఎగరవు."

"ఎగరడానికి గాలిపటాలా అవి?"

"అవి నా బట్టలు కావు బాబూ, అవి..."

"ఎవరివైతే నాకేంటి? అక్కడ బండి ఆగిపోయింది!"

"తీసేస్తాను. ఇవాళ సెలవు కదా, జనం బాగా వస్తారు. వాళ్ళ కోసమే..."

"జనం వస్తారనే చెబుతున్నా! రైలు దిగీదిగగానే నీ గుడ్డలు చూడాలా వాళ్ళు?"

మాస్టర్ కంచె మీద గుడ్డలన్నీ లాగి చంకలో పెట్టుకున్నాడు.

"బాబూ, అవి నాకు ఇప్పుడే కావాలి."

"సాయంత్రం వచ్చి తీసుకో. అప్పుడు గానీ నీకు బుద్ధి రాదు."

"సాయంత్రానికి వాటితో పనుండదు బాబూ."

"మరీ మంచిది."

గుడ్డలు స్టోర్‌రూంలో పడ్డాయి. తాళం పడింది.

ముసలాయన ఇంకా ఏదో చెప్పబోయాడు. ఈలోగా బండి వచ్చి ఆగింది. జనం బిలబిలమంటూ దిగారు. వాళ్ళను చూడగానే అతను కుంటికాలు ఈడ్చుకుంటూ, అందరికంటే ముందు గేటు దాటి సముద్రం వైపు పరుగెత్తాడు.

పీడ విరగడైందనుకున్నాడు మాస్టర్.

"ఏంటండీ, స్టేషన్ కనిపిస్తుంటే ఇంతసేపు ఆపేశారు?" దిగుతూనే అంది భార్య.

"ఆ ఒక్కటీ అడక్కు."

కూతురు చెయ్యి పట్టుకుని లాగింది. "నువ్వు కూడా రా నాన్నా, సముద్రానికి."

"డ్యూటీ తల్లీ. మీరు వెళ్ళి రండి."

ఈ ఊరొచ్చి నెల దాటింది. ఆయన ఇంతవరకూ సముద్రం మొహం చూసిందే లేదు.

ఆ రోజు తర్వాత వచ్చిన బళ్ళన్నీ వేళకే వచ్చాయి, వేళకే వెళ్ళాయి. పైఅధికారి ఫోన్ చేసి "ఊఁ, ఇలా ఉండాలి" అన్నాడు. అన్నాళ్ళలో ఆయన నోట తిట్టు కాని మాట వినడం అదే మొదలు. బదిలీ వచ్చేసినట్టే అనిపించింది మాస్టర్‌కు.

సాయంత్రం తల్లీకూతుళ్ళు మొహాలు మాడ్చుకుని తిరిగొచ్చారు.

"ఇంతదూరం వచ్చి సరిగ్గా కాళ్ళు కూడా తడుపుకోలేదు. ఎవడో పిచ్చి ముసలాడు! అలలు లేకుండా నీళ్ళు నెమ్మదిగా ఉన్నచోట చూసి దిగబోయాం. నడుములోతులో నిలబడి చేతులూపుతూ ఒకటే అరుపులు. పొండి, పొండి అని."

"నా మీద నీళ్ళు కూడా చల్లాడు నాన్నా," ఫిర్యాదు చేసింది కూతురు.

"కుంటివాడా?"

"అవును. మీకెలా తెలుసు?"

మాస్టర్‌కు మళ్ళీ ఒళ్ళు మండింది. "వాడేనా! రానీ చెబుతాను. గుడ్డలు కాదు కదా, పీలిక కూడా ఇవ్వను."

అంతలో సముద్రం దారిలో ఉండే రైల్వేగేటు గేటుమన్ రొప్పుకుంటూ వచ్చాడు.

"సార్, స్టోర్‌రూం తాళంచెవి ఇవ్వండి. ఆ ఎర్రగుడ్డలు కావాలి."

"వాడు పంపాడా నిన్ను? వాణ్ణే రమ్మను. నేను మాట్లాడాలి."

గేటుమన్ తల దించుకున్నాడు.

"ఆయన రాడు సార్. ఇందాక సముద్రం లాగేసుకుంది. జాలర్లు ఒడ్డుకు తెచ్చారు గానీ, ప్రాణం లేదు."

భార్య కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

"మరి ఇప్పుడు... ఆ గుడ్డలెందుకు?" అడిగాడు మాస్టర్.

"జనం ఇంకా నీళ్ళ దగ్గరే ఉన్నారు సార్. పైకి నెమ్మదిగా కనిపిస్తూనే సముద్రం లోపలికి లాగేసే చోట రోజూ కర్రలు పాతి ఆ గుడ్డలు కట్టేది ఆయనే. ఇవాళ గుడ్డలు లేక, ఆ చోట పొద్దున్నుంచీ తనే నిలబడ్డాడు."