లంకపప్పు

మోకాలి మీద చిన్న సుత్తి తగలగానే సదయ్య కాలు గుర్రం తన్నినట్టు ఎగిరిపడింది. డాక్టరు రెండో మోకాలి మీదా కొట్టి చూశాడు. అదీ అంతే.

"లేచి నడువు."

సదయ్య బల్ల దిగాడు. మడమలు నేలకు ఆనలేదు. మునివేళ్ల మీద, మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటుంటే, గోడ పట్టుకుని నాలుగడుగులు వేశాడు. బిడ్డను చంకనేసుకుని తలుపు దగ్గర నిలబడ్డ ఐలవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏం తింటున్నావు?" అన్నాడు డాక్టరు.

"ఈ కరువుల ఏముంటది సారూ? పప్పు, రొట్టె. ఆ రొట్టె గూడ పప్పు పిండిదే. పొద్దుగాల అదే, బొగ్గుబాయిల అదే, మాపటికి అదే."

"ఏదీ, ఆ డబ్బా ఇటివ్వు."

డ్యూటీకని కట్టుకున్న సద్ది అది. డాక్టరు మూత తీసి, సరిగ్గా ఉడకని బద్ద ఒకటి ఏరి కిటికీ వెలుతురుకు పట్టాడు.

"ఇది కందిపప్పు కాదు. కందిబద్ద గుండ్రంగా ఉంటుంది. దీని అంచు చూడు, గొడ్డలి లాగా ఏటవాలు. లంకపప్పు ఇది. నేల పగిలినా పండుతుంది. కరువులో అన్ని పంటలూ పోయినా ఇది మిగులుతుంది. ఎప్పుడో ఒక పూట తింటే ఏమీ కాదు. నెలల తరబడి ఇదే తిండయితే ప్రాణం నిలుస్తుంది, కాళ్లు పోతాయి. ఉత్తరాన కొన్నిచోట్ల కూలి కింద దీన్నే కొలిచేవాళ్లు. తిన్నవాళ్లు కర్రలు పట్టుకుని నడిచేవాళ్లు."

"మల్ల కాళ్లొస్తయా సారూ?"

"రావు. తినడం మానితే ఇంతటితో ఆగుతుంది."

"మరి నా డ్యూటీ?"

"బాయిలోకి ఇక దిగలేవు. పైన దీపాల గదిలో కూర్చుని చేసే పనేదైనా ఇమ్మని రాస్తాను."

ఐలవ్వ అక్కడే కూలబడి బావురుమంది. డాక్టరు ఆమె వైపు వంగాడు. "నువ్వు కూడా తింటున్నావా అమ్మా? బిడ్డకు పెట్టావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. సదయ్యే చెప్పాడు. "అది ముట్టది సారూ. పప్పంత నాకే ఏస్తది. అదీ బిడ్డా గంజి తాగుతరు. కష్టం జేసెటోనికి సత్తువుండాలె అంటది."

"అదే మీ వాళ్లిద్దరినీ కాపాడింది" అన్నాడు డాక్టరు.

సదయ్య ఆమె ముఖం చూడలేకపోయాడు. పోయినేడు ఆమె అన్న రాజం బాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. అప్పటినుంచి సదయ్య దిగిన ప్రతి షిఫ్టుకూ బిడ్డనెత్తుకుని గేటు దగ్గర నిలబడేది. 'బాయి ఇడిసిపెట్టు, నీ కాల్మొక్కుత' అని ఏడ్చేది. 'ఇడిసి ఏం తింటమే? కాలిరిగిన గట్టయ్య లెక్క నా కాలు కూడా కుంటుపడనీ, దీపాల గదిల కూసోవెడుతరు. గంతదాక బాయే' అని అతను నవ్వేవాడు. ఆమె నవ్వేది కాదు.

అతన్ని సైకిలు మీద తీసుకొచ్చిన తోటి కార్మికుడు ఎల్లన్న సంగతి వినగానే పళ్లు కొరికాడు. "కందిపప్పుల కలిపి అమ్మిండు ఆ నజీర్‌గాడు. ఇయ్యాల వాని దుకానం ఉండది. ఎక్కు సదన్నా!"

"వద్దు ఎల్లన్నా, నీకు పుణ్యముంటది. ఆయన ఊసెందుకు?" ఐలవ్వ హ్యాండిలు పట్టుకుంది. "పోయిన కాళ్లు ఎట్లాగు రావు. ఇంటికి పోదాం."

"నీ మెత్తతనమే వానికి బలమైంది వదినా" అని ఆమె చెయ్యి విడిపించి ఎల్లన్న తొక్కాడు.

దుకాణంలో నజీర్ నోరు తెరిచేలోపే ఎల్లన్న గుద్దుకు అతని పెదవి చిట్లింది, పప్పు బస్తా బోర్లాపడింది. రెండో బస్తా మీద చెయ్యి వేసేసరికి నజీర్ అడ్డంగా పడుకున్నాడు. "కొట్టుర్రి, గానీ ఒక్కసారి చూసి కొట్టుర్రి!"

సదయ్య నేల మీద కూర్చుని గుప్పెళ్లతో ఎత్తి చూశాడు. ప్రతి బద్దా గుండ్రంగానే ఉంది.

"సదన్నా, నీ ఇంటామె నా తాన పప్పు కొనక ఎన్నెల్లాయె" అన్నాడు నజీర్, పెదవి నెత్తురు తుడుచుకుంటూ. "తల్లిగారింటికెల్లి తెచ్చుకుంటున్ననన్నది. నేనేం కలిపిన?"

ఎల్లన్న చేటందుకుని పప్పు ఎత్తసాగాడు.

సదయ్య ఇల్లు చేరేసరికి ఐలవ్వ నువ్వుల నూనె వెచ్చచేసి పెట్టింది. అతని కాళ్లు ఒళ్లో పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది.

"పప్పు మీ ఊరిదటగదనే?"

"మా ఊరి అంగట్లదే."

"పోనీ తియ్యి. నీకేం తెలుసు పాపం." చేతుల మీద పాకుతూ వాకిట్లోకి వచ్చే మామ గుర్తొచ్చాడు. "మీ అయ్యకు వాతమంటిరి. గదీ గిదేనేమో."

ఆమె చేతులు ఆగలేదు. "ఇగ నిన్ను బాయిల దించరు గదా?"

"దించరు."

దూరంగా షిఫ్టు సైరన్ కూసింది. ఏడాది తర్వాత మొదటిసారి ఆమె ఉలిక్కిపడలేదు.

"మిగిలిన పప్పు పారబొయ్యి, ఐలా. బిడ్డ నోట్ల పడుతది."

"పడనిస్తనా?" తలెత్తకుండానే అంది. "అయ్య కాళ్లు పడిపోయిన కాడికెల్లి మా అవ్వ ఆ పప్పు ఇంట్లకు రానియ్యలె."

అతని మడమను రెండు చేతులతో గుండెలకు అదుముకుంది.

"నీ ఒక్కనికే పెట్టిన."