పువ్వుకు మంట

బుడమేరు పొంగి బెజవాడ మునిగిన ఏడాది, గుంటూరులో మిరపకాయల వ్యాపారి లక్ష్మీకాంత్ గారింట్లో ఉప్పునీళ్ళ తొట్టిలోని సముద్రపు పువ్వు, పువ్వులా విచ్చుకునే ఆ జీవి, పిడికిలిలా ముడుచుకుపోయింది.

"తొట్టిలో ఉన్న ఆ పీతలు కొరికుంటాయండి," అన్నాడు యలమందయ్య. రోజూ తొట్టిలో మేత వేసి, ఆనక కొట్లో కాయల తొడిమలు తీసేది అతనే.

"నెపం వాటి మీద పెట్టకు," అన్నాడు లక్ష్మీకాంత్. " పువ్వు తినగా రాలిన ఎంగిలి ఏరుకు తినేవి అవి. అవి లేకపోతే నీళ్ళు కుళ్ళి ఇది చస్తుంది. ఏదీ, నీ చెయ్యి చూపించు."

చూపించాడు. వేళ్ళు ఎర్రగా పొక్కి ఉన్నాయి.

"అనుకున్నా. ఈ కారం చెయ్యేనా నీళ్ళలో పెడుతున్నావు? దాని ఒళ్ళంతా నాలికలాంటిది, మండదూ?"

"సబ్బెట్టి కడుక్కునే పెడుతున్నానండి."

"కడిగితే పోయే మంటటయ్యా అది?"

లక్ష్మీకాంత్ లోపలికి వెళ్ళి మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు తెచ్చాడు. "ఇక నుంచి ఇవి తొడుక్కో. పాపం, నోరులేని జీవి."

యలమందయ్య వాటిని అందుకుని నిలబడిపోయాడు. కిందటేడు అతని భార్య కోటేశ్వరి పుండ్లు పడ్డ చేతులు చాపి, తొడిమలు తీసే ఆడాళ్ళందరికీ గ్లౌజులు ఇప్పించమని అడిగింది. "మిరపకాయ మంటకు గ్లౌజులేంటమ్మా, కడుక్కుంటే పోద్ది," అని నవ్వింది ఈయనే.

అంటే, పోదని అప్పుడూ తెలుసన్నమాట.

"అట్టాగేనండి," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆ గ్లౌజులు కోటేశ్వరి చేతులకు తనే తొడిగి కొట్టుకు పంపాడు. తర్వాత లక్ష్మీకాంత్ గారింటికి వెళ్ళి, ఒట్టి చెయ్యి మోచేతి దాకా తొట్టిలో ముంచి, పీతలకు నింపాదిగా మేత వేశాడు.