అరువు పేరు

కంప్యూటరులోకి ఎక్కిన జబ్బు సంగతి ఊరూరా పాకిపోతుందని, కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానంలో ఒక నమ్మకం. అది వట్టి అపోహ అని రుజువు చెయ్యడమే ధనరాజు ఉద్యోగం. పలాస, టెక్కలి, కంచిలిలోని మూడు ప్రైవేటు ఆసుపత్రులను టెలిఫోను తీగతో కలిపి, ఒకచోట చూపించుకున్న రోగి వివరాలు మిగతా రెండుచోట్లా తెరమీద కనిపించేలా అతని కంపెనీ రెండువేల అయిదులో ఏర్పాటు చేసింది. డాక్టర్లు ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది రోగులే.

ఒక ఉదయం పలాసలో డాక్టరు సూర్యారావు ఎదుట కూర్చున్నావిడ అసలు పేరే చెప్పనంది.

“పేరుతో మీకేటి పని బాబూ? నొప్పి నడుంకి గానీ పేరుకి కాదు కదా.”

సూర్యారావు రక్తపరీక్ష కాగితాన్ని బల్లమీద పెట్టాడు. “నీ కిడ్నీలు దెబ్బతినడం మొదలైంది తల్లీ. టెక్కలిలో ఏదో మాత్ర రాసిచ్చారన్నావు. అదేమిటో తెలియకుండా నేను ఇంకో మందు రాస్తే ఉన్నది కూడా పోతుంది.”

“తెల్లబిళ్ల. గుండ్రంగా ఉంటాది.”

“లోకంలో సగం మందులు తెల్లగా, గుండ్రంగానే ఉంటాయి.”

పక్కన కంప్యూటరు ముందున్న ధనరాజు కలగజేసుకున్నాడు. “టెక్కలిలో ఏ పేరు చెప్పారో ఆ పేరు చెప్పండమ్మా. ఆ మాత్ర ఇక్కడే కనిపిస్తుంది.”

చెప్పకుండా ఇంటికొచ్చిన పెళ్లిళ్ల పేరయ్యను చూసినట్టు ఆవిడ ఆ యంత్రాన్ని ఎగాదిగా చూసింది.

“గురువారం మా కుమారికి తాంబూలాలు. తల్లికి కిడ్నీలు పోనాయంటే ఆ ఇంటి పిల్లని ఎవులు సేసుకుంటారు? మా ఈదిలో ఒక సంబంధం పీటలదాకా వొచ్చి తిరిగిపోనాది. కిడ్నీలు పోతే నేనొకర్తినే పోతాను. ఆ మాట బయటికి పోతే దాని బతుకు పోద్ది.”

“పోదమ్మా. దీనికి పాస్‌వర్డు ఉంది. అది తెలియనిదే కలెక్టరు గారు వచ్చినా తెరవలేరు. ఇది మనిషి కాదు, ఎవరి చెవీ కొరకదు.”

“అయితే ఒట్టెయ్యి.”

ఒట్లమీద ఏమాత్రం నమ్మకం లేని ధనరాజు కీబోర్డుమీద చెయ్యివేసి ఒట్టేశాడు.

ఆవిడ గొంతు తగ్గించింది. “టెక్కలిలో కామేశ్వరినని సెప్పినాను. మొగుడు సన్యాసయ్య, ఊరు కంచిలి.”

“కల్పించి చెప్పారా?”

“కల్పిస్తే నిలస్తాదేటి? కాంపౌండరు మొగుడి పేరు, ఇంటిపేరు, వయసు అన్నీ అడుగుతాడు. మళ్లీ ఎల్తే మళ్లీ అడుగుతాడు. తడుముకుంటే దొరికిపోతాం. అందుకే మా దిక్కు బతికున్నోల పేరే అరువు తెచ్చుకుంటాం. అన్నీ కంఠతా వొచ్చినోల పేరు.”

“ఈ కామేశ్వరి మీకు చుట్టమా?”

“అవుద్ది.”

ధనరాజు ఆ పేరు కొట్టాడు. కంచిలి కామేశ్వరి తెరమీదికి వచ్చింది, టెక్కలి డాక్టరు రాసిన మాత్రతో సహా. సూర్యారావు ముందుకు వంగి చూసి, తల పట్టుకున్నాడు.

“ఈ నొప్పిబిళ్లే నీ కొంప ముంచుతోంది. ఈ పూటతో మానెయ్. ఇలాగే మింగుతూ పోతే, తరవాత నేను చెయ్యడానికేమీ మిగలదు.”

తన యంత్రం ఒక ప్రాణం నిలబెట్టిందని ధనరాజుకు ఉత్సాహం వచ్చింది. “చూశారా? ఇంక అరువు పేరెందుకమ్మా? ఇదంతా మీ సొంత పేరుకి మార్చేస్తాను, చెప్పండి.”

ఆవిడ తలుపుకేసి ఒకసారి చూసుకుంది. “కాంతమ్మ. మొగుడు గోవిందరావు. ఊరు వజ్రపుకొత్తూరు.”

ఇంటిపేరూ వయసూ కూడా అడిగి కొట్టిన ధనరాజు వేళ్లు ఆగిపోయాయి. ఆ కాంతమ్మ అప్పటికే కంప్యూటరులో ఉంది. భర్త గోవిందరావు, ఊరు వజ్రపుకొత్తూరు, ఇంటిపేరు, వయసు అన్నీ సరిపోయాయి. క్రితం నెల కంచిలి ఆసుపత్రిలో చూపించుకుంది. రెండు కిడ్నీలూ బాగా పాడయ్యాయనీ, డయాలిసిస్‌కు విశాఖపట్నం వెళ్లాలనీ అక్కడి డాక్టరు రాశాడు.

“మీరు కంచిలి ఆసుపత్రికి వెళ్లారా?”

“ఆ గుమ్మమే ఎక్కనేదు.”

“అయితే మీ పేరు కూడా ఎవరో అరువు తెచ్చుకున్నారు. మీ ఇంటి సంగతులన్నీ కంఠతా వచ్చినవాళ్లెవరో.”

చదువు రాని కాంతమ్మ లేచి తెర దగ్గరికి వచ్చి, ఆ అక్షరాలకేసి చాలాసేపు చూసింది.

“ఆవిడికి బాగా ముదిరిపోనాదేటి?”

“మీకన్నా చాలా ముదిరింది.”

“అయితే ఉండనీ బాబూ. ఏదీ మార్చకు. నా పేరు ఆవిడికి, ఆ పేరు నాకు.”

“అదెలా కుదురుతుందమ్మా? ఒకరి మందు ఒకరికి వెళ్లిపోదూ?”

“మారిస్తేనే ఎల్లిపోద్ది. ఇప్పుడు ఎవులి మందు ఆలకే అందుతన్నాది కదా.”

ధనరాజు డాక్టరుకేసి చూశాడు. సూర్యారావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఆవిడ తర్కంలో తప్పు నాకు కనిపించడం లేదయ్యా.”

కాంతమ్మ కొంగు దులుపుకుని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగింది. “నీ మిషను సెవి కొరకదన్నావు, మంచిదే. గురువారం నువ్వూ రా. బోయినం మా ఇంట్లోనే.”

గురువారం ధనరాజు వజ్రపుకొత్తూరు వెళ్లాడు. అనుకున్న ముహూర్తానికే తాంబూలాల పళ్లేలు చేతులు మారాయి. ఒకటి అందించింది పెళ్లికూతురి తల్లి కాంతమ్మ, అందుకున్నది పెళ్లికొడుకు తల్లి, కంచిలి సన్యాసయ్య భార్య కామేశ్వరి.