రెండు ఇడ్లీలు

"రెండు ఇడ్లీ, ఒక గిన్నె సాంబారు. తిన్నారు. రాసేశా అమ్మమ్మా!"

భావన కాగితం మీద టిక్కు కొట్టి, ఫైలు మంచానికి తగిలించింది. గోడ గడియారంలో ఎనిమిదీ నలభై. తొమ్మిదింటికి పరీక్ష. బయటి కాలేజీ నుంచి వచ్చిన మేడం ముందు నిలబడి తన పేషెంటు గురించి అప్పజెప్పాలి.

తిరుపతమ్మ తడిజుట్టు కొస ముడేసుకుని మంచం మీద కూర్చుని ఉంది. "అడక్కుండానే రాశావేందే?" అంది నవ్వుతూ.

"రోజూ తినేది అదేగా! టైం లేదు అమ్మమ్మా."

"సరే, పో. వణక్కు. పాసవుతావులే."

భావన చదివేది డైటెటిక్స్. నరసరావుపేటలోని ఈ ఆస్పత్రిలో మూడు నెలల ట్రైనింగు. రోజూ పొద్దున్నే పన్నెండు మంది షుగరు పేషెంట్లను ఏం తిన్నారో అడిగి రాయడం ఆమె పని. చీఫ్ డైటీషియన్ జయలక్ష్మి మొదటిరోజే చెప్పింది, అడిగి రాయాలి తప్ప ఊహించి రాయకూడదని. భావన ఇన్నాళ్ళూ అలాగే రాసింది. ఈ ఒక్కరోజే తప్పింది.

తిరుపతమ్మది బెల్లంకొండ. కాలిపుండుతో చేరి మూడు వారాలైంది. ఇంటిల్లిపాదీ పత్తి తీతలో ఉండి, దగ్గర ఎవరూ లేరు. మధ్యాహ్నాలు ఆమె మంచం పక్కనే భావన పుస్తకం పట్టుకుని కూర్చునేది. నిన్న ఆదివారం అక్కడే ఏడ్చేసింది కూడా.

"పోయినసారి తప్పాను అమ్మమ్మా. ఈసారీ తప్పితే నాన్న చదువు మాన్పిస్తానన్నాడు."

"నేనున్నాగా!"

"మీరేం చేస్తారు? మేడంకి సిఫార్సు చేస్తారా?" అని భావన ఏడుపులోనే నవ్వింది.

పరీక్ష బాగా జరిగింది. "పేషెంటుని బాగా తెలుసుకున్నావమ్మా. పాస్," అంది బయటి మేడం. ఆ మాట చెబుదామని భావన వార్డుకి పరుగెత్తింది.

తిరుపతమ్మ మంచం చుట్టూ తెర లాగి ఉంది. చెమటతో తడిసిపోయి ఉన్న మనిషికి డాక్టరు గ్లూకోజు ఎక్కిస్తున్నాడు. పక్కనే నర్సు నజీమా నిలబడి ఉంది.

"షుగరు ముప్పై ఎనిమిదికి పడిపోయింది! ఎంత వేశావు నజీమా ఇన్సులిన్?"

"మీరు రాసినంతే సార్. తిన్నాకే వెయ్యమన్నారు. తిన్నట్టు షీటులో ఉంది. ఆమెనీ అడిగా, తిన్నానంది."

కాసేపటికి తిరుపతమ్మ కళ్ళు తెరిచింది.

"ఏమ్మా, పొద్దున తిన్నావా?" అన్నాడు డాక్టరు.

ఆమె చూపు ఒక్క క్షణం భావన మీద ఆగింది. "తిన్నానయ్యా. రెండు ఇడ్లీ."

"అయితే డోసే ఎక్కువ వేశారు. నజీమా, రేపట్నుంచి నువ్వు రావద్దు. విచారణ అయ్యాక చూద్దాం."

నజీమా కళ్ళు తుడుచుకుంటూ బయటికి వెళ్ళింది. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. భావన కొత్తగా వచ్చినప్పుడు వార్డంతా తిప్పి చూపించింది ఆమే.

చెమట తుడవడానికి తువ్వాలు కోసం భావన మంచం పక్క అలమర తెరిచింది. స్టీలు డబ్బాలో రెండు ఇడ్లీలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. తేలు కుట్టిన దొంగలా అలమర మూసేసింది. అందరూ వెళ్ళాక ఆ డబ్బా తీసి తన బ్యాగులో దాచేసింది.

హాస్టల్లో ఆ రాత్రి డబ్బా ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. తను పాసైంది, నజీమా ఇంటికి పోయింది. ఇదేం న్యాయం? ముసలమ్మ డాక్టరు తిడతాడని భయపడి అబద్ధమాడి ఉంటుంది. మరి తనకేం భయం? ఉంది, చానా ఉంది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆ డబ్బా జయలక్ష్మి బల్ల మీద పెట్టింది.

"అడక్కుండా రాశాను మేడం. నజీమా అక్క తప్పేం లేదు."

జయలక్ష్మి మూత తీసి చూసింది. "నిన్నటి పాసు చెల్లదు. మూడు నెలలూ మళ్ళీ చెయ్యాలి."

"సరే మేడం. అక్కని పిలిపించండి."

మధ్యాహ్నానికి నజీమా డ్యూటీకి వచ్చింది. భావనని చూసి కూడా పలకరించలేదు. పలకరించకపోవడమే న్యాయం అనుకుంది భావన.

అక్కడి నుంచి తిరుపతమ్మ దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"నన్ను క్షమించండి అమ్మమ్మా. ఒక్క మాట అడిగుంటే మీకింత అయ్యేది కాదు. మీరెందుకు తిన్నానని చెప్పారు?"

"తిన్నానని నువ్వు రాస్తివి. నేను తినలేదంటే నీ మీదికి రాదేంటే? ఆ నర్సమ్మ మీదికి వచ్చిద్దని నాకేం తెలుసు! పాపం, నిన్నట్నుంచీ నాకూ మనసు బాలేదు."

"అసలెందుకు తినలేదు? ఇడ్లీ బాలేదా?"

"నిన్న సోమవారం కదా. కోటప్పకొండ కోటయ్యకి ఒక్కపొద్దు."

"షుగరు పెట్టుకుని ఒక్కపొద్దులేంది అమ్మమ్మా! ప్రాణం పోయుంటే? మూడు వారాల్నుంచి చూస్తున్నా, ఏ సోమవారమూ ఉండలేదు. నిన్ననే ఏం వచ్చింది?"

"అదట్టా ఉంచు. ముందు చెప్పు, నిన్న పాసైనావా లేదా?"

భావన తలొంచుకునే అవునన్నట్టు ఊపింది.

తిరుపతమ్మ కిటికీలోంచి కొండ ఉన్న దిక్కుకి తిరిగి రెండు చేతులూ జోడించింది.

"నీ పరీక్ష కోసమేనే ఆ ఒక్కపొద్దు."